తెల్లరాయి దుమ్ము
పన్నెండో భాగం

చెంగమ్మ వచ్చి వెళ్ళిన సంగతి కిందటి వారం చదివారు. పురసవాక్కం షోరూములో, పాలరాయిలా మెరిసే తెల్లటి శాంపిల్ పలక మీద ఆమె తన మొగుడి ఎక్స్‌రే పరిచింది. ఆ షోరూముకు రాళ్ళు కోసే నాగప్పన్ ఊపిరితిత్తుల్లో ఉన్నది టీబీ కాదనీ, ఆరునెలలుగా మింగిన మాత్రలతో ఏమీ ఒరగలేదనీ, లోపల పేరుకున్నది రాతిపొడి అనీ ఛాతీ ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టర్ శ్రీప్రియ తేల్చి చెప్పింది. అతను కోసిన రాయిలో ఏమేం కలుపుతారో కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితం ఉంటే తెమ్మంది. అది చేతిలో ఉంటే పనివల్ల వచ్చిన జబ్బని తను రాసివ్వగలనంది.

“అట్లాంటి పేపరేదీ మా దగ్గిర లేదు చెంగమ్మా” అంది షోరూము యజమాని యతిరాజులు కూతురు భువనేశ్వరి. నిజమే చెబుతున్నాననుకుంది. చెంగమ్మ ఎక్స్‌రే చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ మాట చెప్పి ఊరుకోలేక మరునాడు పొద్దున భువనేశ్వరి మాధవరంలోని తమ కోత షెడ్డుకు బయల్దేరింది. తండ్రికి చెప్పలేదు. షెడ్డు ముందు ఆటో ఆగేసరికి పదిన్నర అయింది.

గేటు పక్కనున్న వేపచెట్టు ఆకులు పిండిలో ముంచి తీసినట్టున్నాయి. భువనేశ్వరి ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. ఆమె పనంతా షోరూములోనే. ఆర్కిటెక్టులతో, హోటలు మేనేజర్లతో ఇంగ్లీషులో మాట్లాడటం, ఏ వంటింటికి ఏ చారల రాయి నప్పుతుందో చెప్పటం. అక్కడికి వచ్చే రాయి కడిగి తుడిచి వస్తుంది. ఎంత తెల్లగా ఉన్నా అది గనిలో పుట్టిన పాలరాయి కాదు. పలుగురాయిని పిండి చేసి, జిగురు కలిపి, బూడిదరంగు చారలు దించి హోసూరు దగ్గర కంపెనీలో అచ్చు పోస్తారు. నూనె మరక పట్టదు, గీత పడదు, పాలరాయి కంటే గట్టిది. పనివాళ్ళు దాన్ని కంపెనీ రాయి అంటారు.

లోపల నలుగురు మనుషులు ఉన్నారని ఆమెకు వెంటనే తెలియలేదు. ముందు శబ్దం తెలిసింది, పళ్ళ మీద పాకే చేతిమిషన్ల కీచు. తర్వాత రేకుల సందుల్లోంచి పడే ఎండలో పొగలాంటి తెలుపు కనిపించింది. ఆ తెలుపులో కదిలే మనుషులు కనిపించారు. ముక్కులకు తుండుగుడ్డలు కట్టుకున్నారు. కనురెప్పల వెంట్రుకల దాకా తెల్లబడ్డారు. హోటలు బాత్రూముల్లో వాష్‌బేసిన్లు దించే పలకలకు గుండ్రంగా బెజ్జాలు కోస్తున్నారు. మూలనున్న సిమెంటు నీళ్ళతొట్టి ఎండిపోయి పగుళ్ళిచ్చింది. అందులో విరిగిన పలకల ముక్కలు పేర్చి ఉన్నాయి.

“అమ్మాసీ, మిషను ఆపు” అందామె దగ్గరున్న కోతగాడితో.

వినపడలేదు. రెండోసారి గట్టిగా అంది. అప్పటికీ వినపడలేదు. గోడకున్న కరెంటు బోర్డు దగ్గరికి నడిచి మెయిన్ కిందికి దించేసింది.

మిషన్లు ఒక్కొక్కటే మూలిగి ఆగాయి. వచ్చిన నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు కొంచెంసేపు ఆగలేదు.

“ఎవుడ్రా కరెంటు తీసింది?” అంటూ రేకుల గదిలోంచి యతిరాజులు బయటికొచ్చాడు. అరవై రెండేళ్ళ మనిషి. తెల్ల పంచె, పొట్టిచేతుల బనీను, మెడలో తులసిపూస. కూతుర్ని చూసి ఆగాడు. “నువ్వా పాపా. షోరూములో ఎవురుండారు?”

“మూసేసి వచ్చినా. నాయనా, ఈ పని ఆపు. ఈళ్ళు పొడిగా కోస్తా ఉండారు.”

“నీళ్ళు యాడివి? ఈ బోరు నీళ్ళు ఉప్పు. తెల్లరాయి మీద పడి ఆరినాయంటే పసుపు మరక నిలిచిపోతాది. నువ్వే గదా మరకుంటే హోటలోళ్ళు తిప్పి పంపిస్తారంటివి. మంచినీళ్ళ లారీ వారానికోసారి వస్తే అది ఇంటికా, షెడ్డుకా?”

“వచ్చే వారం ఇద్దాం రాళ్ళు.”

“పది దినాల్లో హోటలు తెరుస్తా ఉండారు. నూట ఇరవై గదులు.” ఆయన గొంతు పెంచలేదు. పనివాళ్ళు చూస్తున్నారని గది వైపు చెయ్యి చూపించాడు. “లోపలికి రా. ఈడ నిలబడి మాట్లాడొద్దు.”

గది తలుపు మూసినా దాని కింది సందులోంచి ఆ పొడి వస్తూనే ఉంది. టేబులు మీద వేలితో రాస్తే అక్షరం పడేంత పేరుకుంది. భువనేశ్వరి కూర్చోలేదు.

“నిన్న చెంగమ్మ వచ్చినాది.”

“తెలుసు. ఎదురు బట్టలంగడి ఆయన ఫోను చేసినాడు.”

“నాగప్పన్‌కు టీబీ కాదంట. దుమ్మంట. మన రాయి దుమ్ము.”

యతిరాజులు కుర్చీలో కూర్చుని టేబులు మీది పెన్నుల డబ్బాను ఇటు నుంచి అటు జరిపాడు. “పద్నాలుగో ఏట పల్లావరం కొండ కాడ సుత్తి పట్టినోణ్ణి నేను. రుబ్బురోళ్ళు కొట్టినాను. నేను మింగని దుమ్మా? నాకేమైనాది? నాగప్పన్‌ది వేరే. వాడు బీడీలు తాగుతాడు. హార్బరు గాలి. ఆ ఇంట్లో కిటికీ లేదు.”

“నల్లరాయి వేరే, ఇది వేరేనంట నాయనా. డాక్టరమ్మ చెప్పిందంట. కంపెనీ ఇచ్చిన పేపరు ఉంటే తెమ్మనింది. నేను లేదని చెప్పినా. నిజంగా లేదా?”

ఆయన పెన్నుల డబ్బాను మళ్ళీ వెనక్కి జరిపాడు. తలుపు కొంచెం తెరుచుకుంది. అమ్మాసి. షెడ్డులో అందరికంటే పాతవాడు, యాభై దాటినవాడు. తుండుగుడ్డ మెడ మీదికి లాక్కుని నిలబడ్డాడు. గుడ్డ కట్టిన మేర మాత్రం ముఖం నల్లగా ఉంది, మిగతాదంతా తెలుపు.

“మొదలాళీ, కరెంటు వెయ్యాలా వద్దా?”

“వెయ్యి.”

“వెయ్యొద్దు” అంది భువనేశ్వరి. “అమ్మాసీ, కంపెనీవాళ్ళు ఎప్పుడన్నా ఒక పేపరిచ్చినారా ఈ రాయి గురించి?”

అమ్మాసి యజమాని ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

“ఒచ్చినాది పాపా. అప్పుడే, రాయి మొదుట్లో. ఇంగిలీసు. నాకు చదవను రాదు గానీ అందులో బొమ్మ ఉండె. ముక్కుకు మూత వేసుకున్నోడు, మిషను కింద నీళ్ళ చుక్కలు. నేనే దాన్ని తొట్టికాడ మేకుకు తగిలించినా. పోయిన దీపావళి తరవాత...” అతను ఆగాడు.

“చెప్పు.”

“మొదలాళి తీసేసినారు.”

“నువ్వు పో అమ్మాసీ” అన్నాడు యతిరాజులు. అమ్మాసి కదిలాడు గానీ తలుపు వెయ్యలేదు.

 భువనేశ్వరి తండ్రిని ఎప్పుడూ నిలదీసి అడిగింది లేదు. తల్లి పోయాక ఆయనే జడలు వేశాడు. కాలేజీకి పంపాడు. కొడుకులు లేరని ఎవరైనా అంటే, నా కూతురు ఇంగ్లీషులో సంతకం పెడుతుంది అని ఎదురు చెప్పేవాడు.

“నీకు తెలుసు” అంది. “వాడు దగ్గి దగ్గి మంచాన పడతా ఉంటే నీకు తెలుసు. టీబీ మాత్రలు మింగతా ఉంటే నీకు తెలుసు. నిన్న ఆ మనిషి ముందర నాతో అబద్ధం చెప్పించినావు. ఆ పేపరు చించేసినావా?”

“చించలేదు.”

“యాడుండాది?”

“నీకెందుకు?”

“చెంగమ్మకు ఇయ్యాల. ఇయ్యకుంటే మనం మనుషులం కాదు నాయనా. ఒకడు ఊపిరాడక కూర్చునే నిద్రపోతా ఉండాడు. అది తెలిసే నువ్వు ఇంకో నలుగుర్ని అదే దుమ్ములో నిలబెట్టినావు. నీకు రాత్రి అన్నం ఎట్ల దిగతా ఉంది?”

యతిరాజులు ముఖం మారలేదు. లేచాడు. మొలకు కట్టిన తాళంచెవి తీసి ఇనప బీరువా తెరిచాడు. పైఅరలో పాత కాలెండర్ల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగాడు. దాన్ని కూతురికి ఇవ్వలేదు. టేబులు మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి నిలబడ్డాడు.

“చదివే ముందు ఒక మాట విను. ఇది చూడకుండా ఇంటికి పో. నేను ఏదో ఒకటి చేస్తా. నాగప్పన్‌ను మంచి ఆసుపత్రిలో చేరుస్తా. నా మాట విను పాపా.”

“చెయ్యి తీ నాయనా.”

ఆయన చేతులు తీశాడు.

మేకు గుచ్చిన చోట చిరుగు ఉంది. కాగితం అంచులు తెల్లబారిపోయాయి. కంపెనీ పేరు, కింద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. ఆమె నిలబడే చదివింది. ఈ పలకలో నూటికి తొంభై మూడు పాళ్ళు పలుగురాయి పిండి. కోసేటప్పుడూ, బెజ్జం వేసేటప్పుడూ, అంచులు నునుపు చేసేటప్పుడూ నీళ్ళు పారుతూనే ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ పొడిగా కోయరాదు. దుమ్ములో హాని చేసే భాగం కంటికి కనిపించనంత సన్నం, గుడ్డతో ఆగదు. ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. దానివల్ల వచ్చే జబ్బు నయం కాదు.

అక్కడికి ఆమె కళ్ళు మసకబారాయి. తుడుచుకుని కాగితం తిప్పింది. వెనకవైపు అడుగున, గీత గీసిన చోట ఒక వాక్యం అచ్చువేసి ఉంది. పై విషయాలను అందుకున్నాను, చదివాను, పనివారికి వారి భాషలో వివరించాను.

దాని కింద నీలంసిరాలో సంతకం. వై. భువనేశ్వరి. 12 జూన్ 1995.

ఆమెకు ఆ సంతకాన్ని గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. ‘వై’ తోకను పొడుగ్గా లాగటం అప్పట్లో ఆమెకు అలవాటు. తర్వాత మానేసింది.

ఆ రోజు గుర్తుకొచ్చింది. షోరూము తెరిచి వారం. కంపెనీ నుంచి టై కట్టుకున్న మనిషి వచ్చాడు. ఏజెన్సీ కాగితాలు ఆరో ఏడో బల్ల మీద పరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో టిక్కులు పెట్టి ఇచ్చాడు. అప్పుడు ఆమెకు ఇరవై ఏడేళ్ళు. కొత్త పట్టుచీర. ఆమె టిక్కు ఉన్న ప్రతిచోటా సంతకం చేసింది. పక్కన నిలబడి తండ్రి చూస్తున్నాడు, మురిసిపోతూ.

“అప్పుడు నిన్ను అడిగినా” అన్నాడు యతిరాజులు. గొంతు బాగా తగ్గిపోయింది. “ఏముందమ్మా అందులో అని. ఏమీ లేదు నాయనా, మామూలు కాగితాలే అంటివి. నేను నమ్మినా. నాకు ఇంగిలీసు రాదు గదా. మూడేండ్లు నమ్మినా.”

భువనేశ్వరి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

“పోయిన దీపావళికి నాగప్పన్ పడిపోయినప్పుడు అమ్మాసి ఈ బొమ్మ చూపించి, ఇందులో ఏముందో చూడండి మొదలాళీ అన్నాడు. మన వీధిలో రిటైరైన హెడ్మాస్టరు లేడా, భక్తవత్సలం గారు, ఆయన దగ్గిరికి తీసకపోయినా. ఆయన మొత్తం చదివి తెలుగులో చెప్పినాడు. చివర్లో నీ పేరు కూడా చదివినాడు. చదివి నా మొగం చూసినాడు.” యతిరాజులు పంచె కొంగుతో మెడ తుడుచుకున్నాడు. “ఆ దినం ఇంటికొచ్చి బీరువాలో పెట్టినా. ఈళ్ళకు గుడ్డలు కొనిచ్చినా. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు.”

“పని ఆపుండచ్చు గదా.”

“ఎందుకు ఆపినావని అడుగుతారు. ఏం చెప్పేది? ఈ పేపరు ఆ చెంగమ్మ చేతికి పోయిందంటే డాక్టరు చూస్తాది, ఆ తరవాత లాయరు చూస్తాడు. కంపెనీవాడు మేము చెప్పినాము, ఈమె సంతకం పెట్టినాది అంటాడు. కోర్టులో మొదుట పిలిచేది నిన్నే. నన్ను కాదు. నిన్ను కాపాడుకునేదానికే గదమ్మా నోరు మూసుకున్నా.”

బయట పనివాళ్ళు చిన్నగా మాట్లాడుకుంటున్నారు. ఎవరో మళ్ళీ దగ్గారు.

ఆమె కాగితాన్ని మడవలేదు. మోకాళ్ళ మీద పరుచుకుంది. ఇందాక తండ్రిని అన్న మాటలన్నీ ఆ గదిలోనే ఉన్నట్టూ, ఒక్కొక్కటే తిరిగి తన వైపు వస్తున్నట్టూ అనిపించింది. తప్పు ఎవరిదని ఆలోచించబోయి మానేసింది. నాలుగేళ్ళు తనది, ఎనిమిది నెలలు ఆయనది. ఆ లెక్క నాగప్పన్‌కు ఎందుకు?

“నన్ను కాపాడేదానికి ఇంకా ఎంతమందిని ఆడ నిలబెడతావు నాయనా?” అంది చివరికి.

ఆయన తెరిచి ఉన్న బీరువా తలుపు మూశాడు.

భువనేశ్వరి కాగితంతో లేచి బయటికొచ్చింది. నలుగురూ ఎండిన తొట్టి గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి లేవబోతే వద్దంది. వాళ్ళ ఎదురుగా ఒక పలకల దిమ్మ మీద తనూ కూర్చుంది. చీరకు అంటుకుంటుందని అమ్మాసి గుడ్డ పరచబోయాడు. అదీ వద్దంది.

“ఈ పేపరు మీకు నాలుగేండ్ల ముందర చదివి చెప్పుండాల” అంది. “చెప్పినానని సంతకం పెట్టినా. చెప్పలేదు. చదవనే లేదు. ఇప్పుడు చెప్తా.”

చెప్పింది. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చూసుకుని, తెలుగులోకి మార్చి, అర్థం కాలేదనుకున్నప్పుడు అరవంలో మళ్ళీ చెప్పి. గుడ్డతో ఆగదన్న చోట ఇద్దరు తమ మెడల్లోని తుండుగుడ్డలు తడుముకున్నారు. నయం కాదన్న మాట దగ్గర ఆమె ఆగింది. తర్వాత ఆ మాట కూడా చెప్పి, అక్కడితో కాగితం దించేసింది.

 జయరామన్ అనే కుర్ర కోతగాడు తన చొక్కాను రెండు వేళ్ళతో పట్టుకుని చూసుకుంటున్నాడు.

“నాకు బిడ్డ పుట్టి నెలన్నర పాపా” అన్నాడు. “ఇంటికి పోంగానే ఈ చొక్కాతోనే ఎత్తుకుంటా ఉండా. దానికేమన్నా అయితాదా?”

“తెలీదు జయరామా. డాక్టరమ్మను అడుగుదాం. అందరూ రేపు ఆసుపత్రికి రండి, నేనే తీసకపోతా. ఎక్స్‌రే తీయిద్దాం.”

“తీస్తే ఏముంది?” అన్నాడు ఇంకొకడు. “ఉంటే ఉందని తెలుస్తాది. పోయేదానికి మందు లేదంటివే.”

 ఆమె లేదని తల ఊపింది. ఆ మనిషి లేచి, మూలకు పోయి, మేకుకున్న తన టిఫిన్ సంచి తీసుకున్నాడు. చెప్పులేసుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. జయరామన్ అతని వెనకే కొంచెం దూరం నడిచి, గేటు దగ్గర చొక్కా విప్పి దులపబోయి, ఆగి, దాన్ని అక్కడే నేల మీద వదిలేసి బనీనుతో పోయాడు.

నాలుగోవాడూ సంచి తీసుకుని వాళ్ళ వెనకే పోయాడు. అమ్మాసి మాత్రం కూర్చునే ఉన్నాడు. “నాకు అప్పుడే తెలుసు పాపా” అన్నాడు మెల్లగా. “ఆ బొమ్మ చూసినప్పుడే. బొమ్మలో నీళ్ళు సుమ్మా, ఊరికే వెయ్యరు గదా ఎవురూ.”

రేకుల గది గుమ్మంలో యతిరాజులు నిలబడి అంతా విన్నాడు. కూతురు తన పక్కనుంచి వెళ్తుంటే ఆపలేదు. కాగితం అడగలేదు. కరెంటు బోర్డు వైపు ఒకసారి చూశాడు గానీ అటు నడవలేదు.

రాయపురంలో నాగప్పన్ ఇల్లు చేపలరేవుకు పోయే సందులో, వలలు అల్లేవాళ్ళ ఇళ్ళ వరసలో చివరిది. భువనేశ్వరి వెళ్ళేసరికి పన్నెండున్నర దాటింది. దోవపొడుగునా ఆమె ఒకటే అనుకుంది. చెంగమ్మ చేతికి కాగితం ఇచ్చి, వెనకవైపు సంతకం తనే చూపించి, ఇది నాది అని చెప్పాలి. ఆమె ఏమన్నా పడాలి.

చెంగమ్మ లేదు. పక్కింటి మునెమ్మ గడప మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తూ, లోపలికి పొమ్మని తలతో చూపించింది.

నాగప్పన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వీపు వెనక మడిచిన దుప్పట్లు మూడు. ముప్పై మూడేళ్ళ మనిషి. ఒకప్పుడు ఒంటిచేత్తో పలక తిప్పేవాడు. ఇప్పుడు భుజాల ఎముకలు చొక్కాను మోస్తున్నాయి. ఆమెను చూసి లేవబోయాడు.

“కూర్చో నాగప్పా.”

“పాపా... నువ్వు ఈడికి...” ఒక్కొక్క మాటకూ ఒక ఊపిరి తీసుకుంటున్నాడు. “నిన్ననే మొక్కుకున్నాము నీకు.”

ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. చెప్పాల్సిన మాట ముందు చెప్పేస్తే గానీ నిలవలేననుకుంది. కింద చాప మీద కూర్చుని కాగితం తీసింది. షెడ్డులో చెప్పినదంతా చెప్పింది. సంతకం చూపించింది.

నాగప్పన్ దాన్ని చేతిలోకి తీసుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. కోపం వస్తుందని ఆమె ఎదురు చూసింది. రాలేదు. బహుశా కోప్పడటానికి కావలసిన ఊపిరి అతని దగ్గర లేదు.

“చదువుకున్నోళ్ళు... చదవకుండా కూడా... పెడతారా సంతకం?” అన్నాడు. తిట్టినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

“పెట్టినా” అంది భువనేశ్వరి.

అతను కాగితం వెనక్కి ఇస్తూ ఆగాడు. ఇంకేదో తోచినట్టు కనుబొమలు ముడిచాడు.

“ఇందులో... ఊడ్చేవాళ్ళ గురించి ఏమన్నా... ఉండాదా పాపా?”

“ఊడ్చేవాళ్ళా?”

“కోసేవాళ్ళకే గదా ఇదంతా. ఊడిస్తే... ఏం కాదు గదా?”

ఆమె కాగితం మళ్ళీ ముందుకు తిప్పింది. షెడ్డులో నయం కాదన్న వాక్యంతో ఆగిపోయింది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు వరసలున్నాయి. వేలు పెట్టి చదివింది. నేల మీద పడిన పొడిని చీపురుతో ఊడ్వరాదు. ఊడిస్తే కోసినప్పటికంటే ఎక్కువ లేస్తుంది. మూసిన గదుల్లో అసలే కూడదు.

చదివినది చదివినట్టు చెప్పింది. చెబుతుండగానే అతని ముఖం మారటం చూసింది.

“ఎందుకడిగినావు నాగప్పా? చెంగమ్మ యాడికి పోయినాది?”

“పనికి.” అతను దుప్పట్లను నెట్టుకుని ముందుకు వంగాడు. “నిన్న పొద్దుగూకే ముందర... మీ అయ్య మనిషిని పంపినారు. హోటల్లో ఊడ్చే పని... ఈ పొద్దు నుంచి రమ్మని. నువ్వు చెప్పుంటావని అనుకున్నాము. చెంగమ్మ నిన్ను చూసొచ్చినాక గదా వచ్చినాది పని. పొద్దున నీ పేరు చెప్పి... దండం పెట్టుకుని పోయినాది.”

భువనేశ్వరి కాగితం మడిచి లేచింది.

“మూడో అంతస్తు అంట. ఆడ రాళ్ళు అతికిస్తా... సైజు చాలనివి ఆడే కోస్తా ఉండారంట. కింద తివాచీలు పరిచినారని... దుమ్ము బయటికి రాకుండా... తలుపులు బిగించి కోస్తారంట.” దగ్గు వచ్చింది. మునెమ్మ రొయ్యల గిన్నె పక్కన పెట్టి లోపలికి పరిగెత్తుకొచ్చి అతని వీపు పట్టుకుంది. దగ్గు మధ్యలోనే అతను భువనేశ్వరి వైపు చెయ్యి ఊపాడు. పో, పో అని.

సందు చివర ఎస్టీడీ బూతు ఉంది. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి హోటలు సైటు ఆఫీసు నెంబరు వెతికి తిప్పింది. రెండుసార్లు ఎంగేజ్ వచ్చింది. మూడోసారి సూపర్‌వైజరు శ్రీకుమార్ ఎత్తాడు. ఆమెకు తెలిసిన మనిషే.

“శ్రీకుమార్, మూడో అంతస్తులో మా పనివాళ్ళు ఉండారు. వాళ్ళల్లో చెంగమ్మ అని ఒకామె, ఊడ్చే మనిషి. ఆమెను వెంటనే కిందికి పిలిపించండి. కోత కూడా ఆపించండి.”

“ఇప్పుడు కుదరదు మేడమ్” అన్నాడతను. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, పక్కన ఎవరో ఉన్నట్టు. “ఓనర్లు వచ్చున్నారు, బ్యాంకువాళ్ళతో. ప్రతి అంతస్తూ తిరుగుతా ఉన్నారు. దుమ్ము కనిపించకూడదని ఆ గదులన్నీ బయట నుంచి గడియ పెట్టి, తలుపు సందులకు టేపు అతికించేశాం.”

“లోపల మనుషులు ఉండంగానా?”

“పని ఆగకూడదన్నారు మేడమ్. నాలుగింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. అప్పుడు తెరుస్తాం.”

“శ్రీకుమార్, నా మాట వినండి. ఇప్పుడే ఆ తలుపు తియ్యండి.”

“మీ నాయన గారే చెప్పారు మేడమ్, పొద్దున ఫోన్లో. ఎవరు అడిగినా నాలుగు దాకా తియ్యొద్దని.”

లైను తెగిపోయింది. బూతు గోడ మీద గడియారంలో ఒంటిగంటకు ఇంకా ఐదు నిమిషాలు ఉంది.